పాత పోగుకే కొత్త పోగు

అతుకు పని

మగ్గం ఆగిన చోట మా పని మొదలవుతుంది. బీమ్ అనే పెద్ద కడ్డీ మీద చుట్టిన నూలు అయిపోగానే మగ్గం నడిపేవాడు స్విచ్ ఆపి చాయ్ తాగడానికి బయటికి పోతాడు. అప్పుడు మేము వెళ్లి కూర్చుంటాం. పాత బీమ్ చివరి పోగులు ఇంకా మగ్గంలోని తీగ కళ్లలో, దువ్వెన లాంటి పన్నె పళ్ల మధ్య అట్లాగే ఉంటాయి. వాటిని లాగెయ్యకూడదు. లాగితే కొత్త పోగులన్నిటినీ మళ్లీ ఒక్కొక్కటిగా ఆ కళ్లలో ఎక్కించాలి, రోజులు పోతాయి. అందుకని పాత పోగు కొసకు కొత్త పోగు కొసను కలిపి ముడి వేస్తాం. ఒక్క బీమ్‌కు కొన్ని వేల ముళ్లు. అన్నీ అయ్యాక మెల్లగా లాగితే ముళ్లు కళ్లలోంచి దాటి ముందుకు వస్తాయి. కొత్త నూలు పాత నూలు చోట్లోకి వచ్చి కూర్చుంటుంది.

దీన్ని మేము అతకడం అంటాం. కరీంనగర్ దిక్కు మా ఊళ్లో చేనేత మగ్గాలకు మా అమ్మ ఇదే పని చేసేది. వేళ్లకు బూడిద రాసుకొని రెండు పోగులను మెలిపెడితే చాలు, అంటుకునేవి. సూరత్‌లో పాలిస్టర్ నూలుకు బూడిద పనిచెయ్యదు. జారిపోతుంది. ముడే వెయ్యాలి. పెళ్లై ఇక్కడికి వచ్చిన మొదటి నెలలోనే అమ్మ నేర్పిన దాంట్లో సగం వదిలేసి, సగం ఉంచుకున్నాను. ఏ సగం ఉంచుకోవాలో నాకు ఎవరూ చెప్పలేదు.

ఇది ఎందుకు రాస్తున్నానంటే, ఈ మధ్య కాలేజీ పిల్లలు కాగితాలు పట్టుకొని మా బస్తీకి వస్తున్నారు. సూరత్‌కు కొత్త యంత్రాలు ఎట్లా వచ్చాయని అడుగుతారు. జవాబు వాళ్ల దగ్గర ముందే ఉంటుంది: యజమానులు కొన్నారు, ఇంజినీర్లు బిగించారు, కూలీలు మొదట ఎదురు తిరిగి తర్వాత అలవాటు పడ్డారు. అవునా కాదా అని మాత్రం మమ్మల్ని అడుగుతారు. కాదు అంటే రాసుకోవడానికి వాళ్ల కాగితంలో జాగా ఉండదు. అందుకని నా కాగితం మీద నేనే రాస్తున్నాను. కొత్తగా షెడ్లలోకి పోతున్న ఆడపిల్లలు చదివితే చాలు. యాభై రెండేళ్లకు అక్షరాలు దిద్దినదాన్ని, నాకు తిప్పి తిప్పి రాయడం రాదు.

ఎనిమిది మగ్గాల మీద ఒకే గీత

నేను పనిచేసిన షెడ్ సూరత్‌లోనే అమ్రోలి అనే చోట ఉండేది. మొదట్లో పెద్ద సేఠ్ నడిపేవాడు. ఒకసారి ఆయన మూతపడ్డ ఒక మిల్లు నుంచి పాత మగ్గాలు రెండు కొన్నాడు. మా దగ్గరున్న వాటికంటే వెడల్పు. వాటి కళ్లలో అమ్మినవాళ్ల పోగులు ఇంకా వేలాడుతున్నాయి. మేము అలవాటు ప్రకారం ఆ పోగులకే మా పోగులు అతికాం. బట్ట బాగానే వచ్చింది. ఎడమ అంచుకు మూడు వేళ్ల ఎడంలో మాత్రం సన్నని గీత ఒకటి కనబడేది. కొత్త మగ్గం గుణం అట్లాగే ఉంటుంది కాబోలని ఎవరూ పట్టించుకోలేదు.

ఆ రెండు మగ్గాలు బాగా నడిచాయని సేఠ్ అట్లాంటివే ఇంకో ఆరు తెచ్చాడు. అవి ఖాళీగా వచ్చాయి. పోగులు ఎక్కించేవాళ్లు మొదటి మగ్గం ముందు నిలబడి, దాన్ని చూసి చూసి ఆరింటికీ అట్లాగే ఎక్కించారు. ఆ గీత కూడా ఆరింటికీ ఎక్కింది. బజారులో వ్యాపారులు దాన్ని మా షెడ్ గుర్తు అనుకున్నారు. "గీత ఉన్న మాల్ ఇవ్వండి" అని అడిగేవాళ్లు.

నాకు లెక్క నోటికి వచ్చు, కాగితం మీద రాదు. ఒకరోజు అతుకుతుంటే వేళ్లకు ఏదో తేడా తగిలింది. ఒక పోగు పక్క కంట్లోకి పోయింది, పక్కది దీని కంట్లోకి వచ్చింది. ఎక్కడో మూతపడ్డ మిల్లులో, నేను ఎన్నడూ చూడని మనిషి ఎవరో ఒకరోజు పొరపాటున రెండు పోగులు తారుమారు చేశాడు. ప్రతి కొత్త బీమ్‌నూ పాత పోగుకే అతుకుతాం కాబట్టి, ఆ తప్పు బతుకుతూ వచ్చింది. చూసి నేర్చుకున్నారు కాబట్టి ఎనిమిదయింది.

పెద్ద సేఠ్‌కు చూపించాను. ఆయన భూతద్దం పెట్టి చాలాసేపు చూసి, "ఇన్నేళ్లు ఇది మా గొప్పతనం అనుకున్నానే" అన్నాడు. నవ్వాడు. మర్నాడు ఎనిమిది మగ్గాలూ సరిచేశాం. రెండు నెలలు వ్యాపారులు గీత ఏదని సతాయించారు.

యంత్రం ఒక చోటు నుంచి ఇంకో చోటుకు ఒంటరిగా రాదు. అది నడిచిన చోటి అలవాట్లు, అక్కడి తప్పులు అన్నీ వెంట తెచ్చుకుంటుంది. ఏది ఉంచాలో ఏది తియ్యాలో చేత్తో ముట్టుకునేవాళ్లకే తెలుస్తుంది. ఈ మాట నాకు అప్పుడే తెలుసు. తెలిసి కూడా తర్వాత చేసిన పని ఇప్పుడు రాస్తాను.

నోరు మూసుకున్న చలికాలం

పెద్ద సేఠ్ తర్వాత ఆయన కొడుకు భావేశ్‌భాయ్ వచ్చాడు. అతను నిక్కరు వేసుకొని షెడ్‌లో తిరిగినప్పటి నుంచీ చూసినదాన్ని. అతను నన్ను పిన్ని అన్నట్టు మాసీ అని, మీరు అని పిలిచేవాడు. నేను నువ్వు అనేదాన్ని. మాటలు హిందీలోనే నడిచేవి, ఇక్కడ మన మాటలో రాస్తున్నాను.

ఒక దీపావళి తర్వాత అతను అతుకులు వేసే మిషన్ తెచ్చాడు. రెండు బీమ్‌ల పోగులను చట్రం మీద ఒకదాని మీద ఒకటి పరిచి బిగిస్తే, దాని తల పట్టాల మీద పాకుతూ టకటకా ముళ్లు వేసుకుంటూ పోతుంది. మాకు పూట పట్టే పని అది అరగంటలో చేస్తుంది. అమ్మినవాళ్లు పంపిన టెక్నీషియన్ నడిపి చూపించాడు. మేము తొమ్మిదిమంది ఆడవాళ్లం గోడకు ఆనుకొని చూశాం. నా పక్కన సత్తెమ్మ ఉంది. నాతో పాటే ఈ పనిలోకి వచ్చింది, నోరు ఆగదు. ఆమే ముందు అన్నది: "లచ్చక్కా, గిది ముద్ద తినదు, నీళ్లు తాగదు. మనల్ని మాత్రం తింటది."

వారం తిరగకముందే చలి గాలి మొదలైంది. సూరత్‌లో చలి తక్కువే గానీ గాలి పొడిబారుతుంది. పాలిస్టర్ పోగులు వెంట్రుకల్లాగా లేచి ఒకదాన్ని ఒకటి పట్టుకుంటాయి. మిషన్ ఒక పోగు తీసుకోవాల్సిన చోట రెండు తీసి ముడి వెయ్యడం మొదలుపెట్టింది. జంట పడ్డచోటల్లా బట్ట చెడింది. టెక్నీషియన్ సూది మార్చాడు, స్ప్రింగ్ మార్చాడు, చివరికి నూలే బాగా లేదన్నాడు.

కారణం నాకు తెలుసు. మా తొమ్మిదిమందికీ తెలుసు. చలికాలంలో మేము అతికేటప్పుడు పోగుల కింద తడి గోనెపట్టా పరిచేవాళ్లం, మధ్య మధ్యలో అరచెయ్యి తడి చేసుకొని పోగుల మీద రాసేవాళ్లం. ఆ తేమకు పోగులు పడుకుంటాయి. మిషన్ పెట్టిన మొదటి రోజే టెక్నీషియన్, కరెంటు దగ్గర నీళ్లు ఏమిటని మా పట్టాలన్నీ బయట పడేయించాడు.

భావేశ్‌భాయ్ ఒకరోజు నా దగ్గరికి వచ్చాడు. అడగలేదంటే అబద్ధం, అడిగాడు. "మాసీ, మీకేమన్నా అర్థమైతుందా?"

"మాకేం తెలుసు భాయ్. చదువురానోళ్లం" అన్నాను.

అతను వెళ్లిపోయాడు. సత్తెమ్మ కొంగు నోట్లో కుక్కుకొని నవ్వింది. నెల తర్వాత మిషన్‌ను ఒక మూలకు తోసి, పైన చెడిపోయిన చీర ముక్క కప్పారు. చుట్టుపక్కల షెడ్ల యజమానులు చాయ్ కొట్టు దగ్గర భావేశ్‌భాయ్‌ని అడిగేవాళ్లు, మిషన్ నడిచిందా అని. నడవలేదనేవాడు. ఆ ఒక్క మాటతో ఆ గల్లీలో ఇంకెవరూ కొనలేదు. మన దగ్గర కొత్త వస్తువు పాకేదీ ఆగేదీ చాయ్ కొట్టు దగ్గరే. ఆ మాట అక్కడికి నా నోట్లోంచే పోయింది.

దీనికి నేను క్షమాపణ చెప్పను. పని పోతుందని తెలిసినవాళ్లు, పని తీసేసే వస్తువుకు ఉపాయం చెప్పాలని ఎవరూ కోరకూడదు. మాతో ముందు మాట్లాడుకొని తెచ్చి ఉంటే వేరు సంగతి. అయినా అది తప్పే. మంచి చెడ్డ తప్పు కాదు, లెక్క తప్పు. ఆపగలిగాను అనుకున్నాను. ఒక్క షెడ్‌లో ఆపాను, అంతే.

వానలు మొదలయ్యేసరికి సూరత్ పక్కనున్న కడోదరా నుంచి ఒక కాంట్రాక్టర్ వచ్చాడు. అట్లాంటి మిషన్ టెంపోలో వేసుకొని, ఇద్దరు మగవాళ్లతో షెడ్ షెడ్డుకూ తిరిగి అతుకులు వేసేవాడు. వానాకాలం గాలిలో తేమ ఉంటుంది కాబట్టి వాడికి జంటలు పడలేదు. భావేశ్‌భాయ్ కూడా పిలిచాడు. మా తొమ్మిదిమందిలో ఐదుగురిని మానమన్నారు. సత్తెమ్మ ఇంట్లో కూర్చొని చీరల దారాలు కత్తిరించే పనిలో పడింది. ఒకామె కుటుంబంతో సహా ఊరికి వెళ్లిపోయింది. మిగిలిన నలుగురికీ దీపావళి దాకానే పని అని చెప్పారు.

ఆవుతో నాకేం పని

నేను భావేశ్‌భాయ్ ఆఫీసులోకి పోయి నిలబడ్డాను. "ఆ మూలకున్న మిషన్ నాకియ్యి. నేను నడుపుతా."

అతను ఎగతాళి చెయ్యలేదు. అది ఇంకా కష్టమైంది. "మాసీ, దానికి సెట్టింగులున్నాయి, పుస్తకముంది. చదువు రావాలి. రాదని మీరే అన్నారు కదా" అన్నాడు.

నా మాట నాకే తగిలింది. "ఎప్పటిదాకా టైమిస్తవ్?"

"దీపావళి సెలవుల తర్వాత లాభ పాంచమ్ నాడు షెడ్ తెరుస్తాం. అప్పటికి చదువొస్తే చూద్దాం. రాకపోతే మిషన్ కాంట్రాక్టర్‌కు అమ్మేస్తాను."

మా ఇంటి దగ్గర రేణుక అనే ఆమె టిఫిన్ సెంటర్ నడిపేది. వరంగల్ పిల్ల, డిగ్రీ చదివింది. ఇడ్లీలు అయిపోయి గిన్నెలు కడిగాక మధ్యాహ్నం ఒక గంట ఖాళీ. పలక కొనుక్కొని పోయాను. ఆమె అ అంటే అమ్మ, ఆ అంటే ఆవు అని మొదలుపెట్టింది.

"ఆవుతో నాకేం పని రేణుకా? నాకు పోగు రాయడం నేర్పు. ముడి రాయడం నేర్పు."

"అత్తమ్మా, ముందుగాల అక్షరాలన్నీ రావాలె."

"అన్నీ వచ్చేదాకా ఉంటే మిషన్ టెంపో ఎక్కుతది."

ఆమె నవ్వి, పిండి చేత్తోనే పలక మీద ప రాసింది. ప తర్వాత గ, మ, డ. మాకు కావలసిన మాటల్లోంచి అక్షరాలు పట్టుకుంటూ పోయాం. త నాకు చాలా రోజులు తిరగలేదు. ఇప్పటికీ నా త పక్కకు ఒరిగే ఉంటుంది. వేల ముళ్లు వేసిన వేళ్లు పెన్ను పట్టుకోమంటే దాన్నీ పోగులాగే మెలిపెట్టేవి. గల్లీలో ఆడవాళ్లు, "లచ్చక్క కలెక్టర్ అయితదట" అనేవాళ్లు. "అయితే మీ అర్జీలే ముందు చింపుత" అనేదాన్ని.

ఒక నోట్‌బుక్ పెట్టుకున్నాను. పోయిన చలికాలమంతా గోడకు ఆనుకొని టెక్నీషియన్ చేతులనే చూశాను కదా. ఏది ముందు బిగించాడో, ఏ మర ఎంత తిప్పాడో, పోగులు ఎప్పుడు దువ్వాడో నా కళ్లకు గుర్తే. గుర్తున్నదంతా వరసగా రాసుకున్నాను. రాస్తుంటే అతను చేసిన రెండు తప్పులు కూడా తెలిశాయి. చూసినప్పుడు తెలియలేదు, రాసినప్పుడు తెలిశాయి. చదువు వల్ల నాకు జరిగిన మేలు అదే.

లాభ పాంచమ్

ఆ రోజు పూజ అయ్యాక భావేశ్‌భాయ్ మిషన్ పుస్తకం నా చేతికిచ్చాడు. అంతా ఇంగ్లీషు.

"ఇది రాదు" అన్నాను.

"మరి చదువు నేర్చుకున్నారన్నారు?"

"నేర్చుకున్న. తెలుగు."

పూజకు వచ్చిన అతని మేనమామ పక్కనుంచి అన్నాడు: "సూరత్‌లో మిషన్‌కు తెలుగు ఎందుకు?"

"మిషన్‌కు ఏ భాషా రాదు సేఠ్. నడిపేదానికి రావాలె. చదువు రావాలన్నడు, ఏ చదువో చెప్పలే" అని నా నోట్‌బుక్ తీశాను.

బీమ్‌లు బిగించాను. గోనెపట్టా నీళ్లలో ముంచి, పిండి, కరెంటు తీగలకు దూరంగా పోగుల కింద పరిచాను. తడి గుడ్డతో పోగుల మీద ఒక్కసారి రాశాను. మెత్తగా దువ్వాను. గాలి పొడిగానే ఉంది. మిషన్ తల ఈ అంచు నుంచి ఆ అంచుకు పాకింది. మేనమామ వంగి లెక్క చూశాడు. జంట ఒక్కటి లేదు.

భావేశ్‌భాయ్ పట్టాను చూశాడు, నన్ను చూశాడు. "ఇది మీకు ఎప్పటి నుంచి తెలుసు?"

అబద్ధం చెప్పవచ్చు. నిన్ననే తట్టింది అనవచ్చు. చెప్పబుద్ధి కాలేదు. "పోయిన చలికాలమే తెలుసు."

"అడిగాను కదా మాసీ."

"అడిగినవ్. చెప్తే మా తొమ్మిదిమందిని ఏం చేస్తుంటివి?"

అతను వంగి పట్టా అంచు పట్టుకొని చూశాడు. మేనమామ మాత్రం, "ఇట్లాంటి మనిషికి మిషన్ ఇస్తావా" అన్నాడు. నేను భావేశ్‌భాయ్‌నే చూస్తూ చెప్పాను: "ఇయ్యకుంటే టెక్నీషియన్‌ను పిలుచుకో. పట్టా పరిచే ఉంది, చూసి నేర్చుకుంటడు. ఇస్తే ఈ మిషన్ ఆడోళ్ల చేతులనే ఉండాలె. మా నలుగురూ ఉంటరు, ఇంట్ల కూసున్నోళ్లను పిలవాలె."

నలుగురమూ ఉన్నాం. మాన్పించిన ఐదుగురిలో ఇద్దరినే తిరిగి తీసుకున్నాడు, అందులో సత్తెమ్మ ఒకతె. ముగ్గురికి పని దొరకలేదు. గెలిచానని చెప్పుకునేటప్పుడు ఆ ముగ్గురినీ వదిలేసి చెప్పను. చలికాలంలో నోరు విప్పి, అప్పుడే బేరం పెట్టి ఉంటే తొమ్మిదిమందికీ పెట్టేదాన్ని. మాకు తెలిసిన సంగతి ఒక్క చలికాలమే విలువ చేసింది. ఆ తర్వాత కాంట్రాక్టర్ మనుషులు వాళ్లంతట వాళ్లే తడి సంగతి కనిపెట్టారు.

పిల్లలూ, మీకు చెప్పే మాట ఇదే. మీ చేతికి తెలిసిన ఉపాయం దాచుకుంటే ఎండిపోతుంది. ఉత్తగా ఇస్తే వాళ్లదవుతుంది. పొడిగాలి ఉన్నప్పుడే, వాళ్లకు అవసరం ఉన్నప్పుడే, ఎదురుగా నిలబడి ఇయ్యాలి. ఇచ్చినట్టు నలుగురికీ తెలియాలి.

గోడ మీది కాగితం

తర్వాత సత్తెమ్మ, మిగతావాళ్లు నడపడానికని నా నోట్‌బుక్‌లోది ఒక పెద్ద కాగితం మీద రాసి గోడకు అంటించాను. పదిహేను వరసలు. నాలుగో వరస: కింద తడి పట్టా పరచాలి, తడి గుడ్డతో పోగులు తుడవాలి. చుట్టుపక్కల షెడ్లవాళ్లు వచ్చి చూశారు. ఫోన్లలో ఫొటోలు తీసుకున్నారు. గల్లీలో మిషన్లు ఒకటి తర్వాత ఒకటి వచ్చాయి. మన ఆడవాళ్లను పిలిచి నేర్పమనేవాళ్లు. నేను, సత్తెమ్మ ఎన్ని షెడ్లు తిరిగామో. ఒకసారి ఆ పాత టెక్నీషియన్ కొత్తవాళ్లకు మిషన్ చూపిస్తూ ఎదురయ్యాడు. పోగుల కింద తడి పట్టా. నన్ను చూసి తల పక్కకు తిప్పుకున్నాడు.

మోకాళ్లు సహకరించక పని మానేసి కొంతకాలమైంది. పోయిన వానాకాలం చుట్టాల ఇంటికని కడోదరా పోయాను. పక్కనే షెడ్, మిషన్ చప్పుడు వినబడితే కాళ్లు ఆగలేదు. మిషన్ దగ్గర ఒక పిల్ల, మన తెలుగు పిల్లే. ముఖం నిండా చెమట. మిషన్ జంటలు వేస్తోంది, ఆపుతోంది, విప్పుతోంది, తిట్టుకుంటోంది. బయట వాన దంచుతోంది. కింద చూస్తే నీళ్లు కారుతున్న గోనెపట్టా.

"ఇంత వానల తడి పట్టా ఎందుకు బిడ్డా? నూలుకు గంజి ఉంటది, తడికి నాని ఒకదానికొకటి అంటుకుంటది. జంటలు పడకేమైతయి?"

"గోడ మీద రాసుంది గదా అత్తమ్మా."

చూశాను. ప్లాస్టిక్ అట్టలో పెట్టిన కాగితం. ఫొటోకు ఫొటో తీసి అచ్చేసినట్టున్నారు, అక్షరాలు మసకబారాయి. అయినా నా త నాకు తెలియదా. అన్ని 'త'లూ పక్కకే ఒరిగి ఉన్నాయి.

"ఎవరు రాసిన్రట ఇది?"

"ఎవరో హైదరాబాద్ ఇంజినీర్ సార్ అంట. ఏం చెప్పిండో గదే చెయ్యాలె అని మా సూపర్‌వైజర్ అంటడు."

నాలుగో వరస చదివాను. నేను రాసింది చలికాలంలో. చలికాలంలో మాత్రమే అని రాయలేదు. నాకు తెలుసు కాబట్టి అందరికీ తెలుసనుకున్నాను. ఎన్ని షెడ్లలో ఎంతమంది ఆడవాళ్లు వానల్లో పట్టాలు తడుపుతూ మిషన్‌ను తిట్టుకున్నారో. మూతపడ్డ మిల్లులో పోగులు తారుమారు చేసిన ఆ మనిషి, నేను ఎన్నడూ చూడనివాడు, ఆ రోజు నాకు దగ్గరివాడు అనిపించాడు.

పట్టా తీసి బయట పారేశాను. పొడి గుడ్డతో పోగులు తుడిచి, ఇప్పుడు నడుపు అన్నాను. మిషన్ తల ఆ చివరి దాకా ఆగకుండా పోయింది. ఆ పిల్ల నన్ను మొదటిసారి సరిగ్గా చూసింది.

"పెన్నుందా?"

ఇచ్చింది. నేను అట్టలోంచి కాగితం బయటికి తీస్తుంటే చెయ్యి పట్టుకుంది. "వద్దు అత్తమ్మా, దాని మీద గీకొద్దు. సూపర్‌వైజర్ తిడ్తడు. ఇంజినీర్ సార్ రాసింది."

"రాసింది నేనే. తప్పు రాసింది గూడ నేనే. దిద్దనియ్యి."

నాలుగో వరస పక్కన, చలికాలం, ఎండాకాలం మాత్రమే, వానాకాలం వద్దు అని రాశాను. కింద జాగా ఉంది. గాజుల లచ్చవ్వ, అతుకుల పని, అమ్రోలి అని నిండుగా రాశాను. కాగితం మళ్లీ గోడకు పెట్టాను.

ఆ పిల్ల కూడబలుక్కొని చదివింది. తర్వాత జేబులోంచి ఫోన్ తీసి కాగితం ముందు పెట్టింది. పైనున్న పదిహేను వరసలు పడేటట్టు పట్టుకుంది.

"జర కిందికి దించు" అన్నాను. "పేరు గూడ పడాలె."